తొక్కు డబ్బాలతో పాలమూరు చుట్టూ

సోమవారం, నల్లగొండ

మా అక్క, బావ ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మిషనరీలు. ఈ మాట మా బడి స్టాఫ్‌రూంలో చెప్పినప్పుడు ఒకాయన చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ నా మొహం చూశాడు. మిషనరీ అంటే మా దిక్కు అందరి మనసులో మెదిలేది తెల్లదొర, దొరసాని, మిషన్ కాంపౌండులో చింతచెట్ల కింద పెంకుటిల్లు. మావాళ్లు ఆ బాపతు కారు. బావ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. అక్క సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేసింది. లెస్టర్‌లో ఒక సంఘం వాళ్లు మత సేవకుల వీసా ఇప్పించి, చిన్న ఫ్లాటు చూపించి, ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లల్ని కాస్త చూసుకోండి అన్నారు. ఆ వీసా రెండేళ్లకు మించి ఇవ్వరు. సగానికి పైనే అయిపోయింది.

ఇప్పుడు సెలవు మీద వచ్చారు. పెళ్లిళ్లు, పరామర్శలు అయ్యాక వాళ్లు పెట్టుకున్న పని ఒకటే: అక్కడ తమ ఇంటికి వచ్చిపోయే పిల్లల తల్లిదండ్రుల్ని కలవడం. వాళ్లలో ఎక్కువమంది నల్లగొండ, పాలమూరు పల్లెలవాళ్లే. బండి నాది కాబట్టి డ్రైవర్ని నేనే.

మొదటి ఇల్లు పానగల్ దగ్గర. ఉదయసముద్రం కట్ట దాటాక ఒక కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. కూతురు లెస్టర్‌లో మాస్టర్స్ చేస్తోంది. తండ్రి షట్టర్ సగం దించి వచ్చి కూర్చున్నాడు. తల్లి నీళ్లు ఇచ్చే లోపలే మొదలుపెట్టింది.

“అక్కా, మా బిడ్డ మంచిగ తింటుందా?”

“మీ బిడ్డ శుక్రారం శుక్రారం వస్తది. వచ్చుడే మా ఫ్రిజ్ తెరుస్తది” అంది అక్క.

ఆ తల్లి నవ్విన నవ్వు చూడాలి. రోజూ వీడియో కాల్లో బిడ్డను చూస్తూనే ఉంది. కానీ బిడ్డ ఒకరి ఇంట్లో చనువుగా ఫ్రిజ్ తెరుస్తుందన్న సంగతి ఏ కాల్లోనూ కనపడదు కదా. తండ్రి మాత్రం పార్ట్‌టైం దొరికిందా లేదా అన్న దగ్గరే ఆగాడు. చదువు ఎలా సాగుతోందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఈ వారమంతా దాదాపు ప్రతి ఇంట్లో ఇంతే. తల్లులు తిండి గురించి అడుగుతారు, తండ్రులు పని గురించి అడుగుతారు.

శుక్రవారం సంగతి ఏమిటంటే, ఆ సాయంత్రం అక్కావాళ్ల ఫ్లాటులో అందరికీ అన్నం. పది మంది రావచ్చు, ఇరవై మంది రావచ్చు. కుర్చీలు నాలుగే కాబట్టి మిగతావాళ్లు మెట్ల మీద కంచాలు పట్టుకుని కూర్చుంటారు. పప్పులో పోపు వేసిన ప్రతిసారీ పొగకు అలారం మోగుతుందట. అందుకని అక్క ఆవాలు వేసే ముందు కేక వేస్తుంది, బావ తువ్వాలు పట్టుకుని అలారం కింద నిలబడి విసురుతాడు. వచ్చేవాళ్లలో క్రైస్తవులు కొందరే. ఆ పూట ప్రార్థన రెండు ముక్కల్లో ముగుస్తుంది, వాక్యం, అంటే బైబిలు బోధ, అసలుండదు. వాక్యం కావాలనుకున్నవాళ్లు ఆదివారం మధ్యాహ్నం వస్తారు. “బువ్వ పెట్టి బోధ చేస్తే, బువ్వకు పైసలడిగినట్టే” అంటుంది అక్క.

సాయంత్రం నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ బావ పాత చరిత్ర తీశాడు. 1890లో అబ్రహాం ఫ్రీజెన్, మరియా అనే దంపతులు రష్యా సామ్రాజ్యంలోంచి, అంటే ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి, నల్లగొండకు వచ్చారు. మెనొనైట్ బ్రదరెన్ అనే శాఖవాళ్లు. ఇక్కడ మాత్రం అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేశారు. వాళ్ల వెనుకే 1899లో అమెరికా మెనొనైట్లు నికొలాయ్ హీబర్ట్, సూసీ దంపతులు హైదరాబాద్‌లో దిగారు. ఆరోగ్యం పాడై రెండేళ్లకే ఓడెక్కి వెళ్లిపోయారు. “రెండేళ్లంటే మన వీసా అంతే” అన్నాడు బావ.

లెస్టర్ మీద బావకు ఇంకో మమకారం ఉంది. పాతకాలపు ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీ 1789 నుంచి హార్వీ లేన్ అనే వీధిలోని బాప్టిస్టు సంఘానికి కాపరిగా ఉన్నాడు. 1793లో అక్కణ్నుంచే బెంగాల్‌కు బయల్దేరాడు. 1814లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. బావ ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే అక్క మధ్యలో అందుకుంది: “ఆయన భార్య సంగతి గూడ చెప్పు.” డొరొతీకి రావడం ఇష్టం లేదు. బలవంతం మీద వచ్చింది. వచ్చిన మరుసటి ఏడే ఐదేళ్ల కొడుకు పీటర్ పోయాడు. ఆమెకు మతి చెడింది. 1807లో చనిపోయేదాకా అదే బాధ. పరాయి దేశంలో పరిచర్య గురించి పుస్తకాల్లో భర్తల పేరే ముందుంటుందనీ, ఇంటి లోపల ఏం జరిగిందో ఎవరూ రాయరనీ అక్క ఫిర్యాదు. బావ చాయ్ తాగేసి లేచాడు. ఈ వాదన వాళ్ల మధ్య పాతదే అనిపించింది.

మంగళవారం, దేవరకొండ, డిండి

కొండమల్లేపల్లి దాటి ఒక తండా. లంబాడీల గోర్ బోలీలో మాట్లాడుకుంటూ ఆడవాళ్లు మా చుట్టూ చేరారు. ఆ తల్లికి కొడుకు ఏం చదువుతున్నాడో తెలియదు, గోదాంలో పనిచేస్తున్నాడని మాత్రం తెలుసు. “రాత్రి డూటీ అంట, నిజమేనా సారూ?”

నిజమే. అక్కడ చదువుకునే పిల్లలు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్ల కనీస కూలిని గంటకు 12.21 పౌండ్లు చేశారు. చట్టప్రకారం ఉన్న లెక్క ఇది. ఆ గంటలతో అద్దె, తిండి అతికష్టం మీద వెళ్తాయి, ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. అందుకని కొందరు లెక్కలోకి రాని పనులకు వెళ్తారు. అక్కడ యజమాని చేతిలో పెట్టిందే కూలి. తక్కువ ఇచ్చినా అడగలేరు, అడిగితే వీసాకే ఎసరు. ఇలాంటి సంగతులు చెప్పుకోవడానికే పిల్లలు రాత్రి పదకొండింటికి బావకు ఫోన్ చేస్తారట. ఇంట్లోవాళ్లకు చెప్పలేరు, యూనివర్సిటీలో చెప్పడానికి భయం.

బావ ఇప్పుడు ఆ దేశపు గుమాస్తా పనుల్లో ఆరితేరాడు. ఇల్లు అద్దెకిచ్చినవాడు అడ్వాన్సును 30 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న పథకంలో జమ చేయాలి. చేయకపోతే పిల్లాడు కోర్టుకు వెళ్లొచ్చు. పూర్తికాలం చదివేవాళ్లు కౌన్సిల్ ట్యాక్స్ కట్టక్కర్లేదు, యూనివర్సిటీ నుంచి కాయితం తెచ్చి పంపితే చాలు. దిగిన వారంలోనే డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించాలి. ఇది అక్క డిపార్ట్‌మెంటు. పంటి నొప్పి ముదిరాక, జ్వరం తగిలిన నాలుగో రోజున గానీ మన పిల్లలు నోరు విప్పరని ఆమె కోపం. ఇదంతా వింటే మిషనరీ పని అనిపించదు, మండల ఆఫీసు పని అనిపిస్తుంది. బావకు అన్నాను కూడా. “మండలాఫీసు పని మంచిగ చేసెటోడు దొరికితే అంతకన్నా సువార్త ఏముంటది?” అన్నాడు.

తండా తల్లి వెళ్లేటప్పుడు చెరువు గట్టుదాకా వచ్చింది. కొడుక్కి కారంపొడి ఇస్తానంది, దంచలేదట. మళ్లీ పంపిస్తా ఆగండి అంది. ఎలా పంపిస్తావమ్మా అంటే, పంపిస్తా అంతే అంది.

దేవరకొండ కోట మీద ఎండ పడుతోంది. రేచర్ల వెలమ రాజుల కాలం నాటి కోట. పైకి ఎక్కుదామని నేనంటే ఇద్దరూ మోకాళ్లు చూపించారు. డిండి దగ్గర ఆగి వేడి వేడి చేప ముక్కలు తిన్నాం. అక్క రెండో ప్లేటు తెప్పించుకుంది.

బుధవారం, కల్వకుర్తి దిక్కు

వంగూరు గేటు నుంచి కల్వకుర్తి వైపు తిరిగాక దారి పొడవునా వరి. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు రాకముందు ఇదే దారిలో జొన్న, ఆముదం తప్ప కంటికి కనిపించేవి కావు. శ్రీశైలం వెనుక నీళ్లను కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో ఎత్తి ఇటు తోలుతున్నారు.

మేం వెళ్లిన ఇంట్లో పెద్దాయన నవంబరులో పోయాడు, గుండెపోటు. ఒక్కడే కొడుకు, లెస్టర్‌లో ఉన్నాడు. టికెట్టు దొరికి, హైదరాబాద్‌లో దిగి, ఊరు చేరేసరికి రెండు రోజులు పడుతుంది. అన్ని గంటలు ఉంచలేమన్నారు ఊళ్లోవాళ్లు. చిన్నాయన కొడుకు తలకొరివి పెట్టాడు. ఇదంతా ఆ తల్లి చెప్పగా మేం విన్నాం. ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషిలా, చెప్పాల్సినవి వరసగా చెప్పింది. ఆఖర్న అక్కతో, “ఆ పొద్దు వాని దగ్గర మీరే ఉన్నరంట గదా. వాడు నాకేం చెప్పలే. మీరన్న చెప్పుండ్రి” అంది.

అక్క చెప్పింది. బండిలో నాకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి అది.

ఇక్కడ పదకొండింటికి పాడె లేపారు. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ ఐదున్నర గంటల తేడా, అంటే అక్కడ తెల్లవారి ఐదున్నర. అంతా చీకటే. అబ్బాయి నలుగురితో కలిసి ఉండే ఇల్లు. ఫోన్‌ను గోడకు ఆనించి నిలబెట్టి, నేల మీద కూర్చుని చూశాడు. ఒక పక్క బావ, ఒక పక్క అక్క. ఊళ్లో సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ మధ్య మధ్య ఆగిపోతుంటే, అది కదిలేదాకా ముగ్గురూ అలాగే చూస్తూ ఉన్నారు. చితికి నిప్పు పెట్టాక ఇక్కడెవరో ఫోన్ జేబులో వేసుకున్నారు. తెర నల్లబడింది, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. కాసేపటికి అదీ ఆగింది. అప్పుడు ఆ పిల్లవాడు అడిగిన మొదటి మాట: “ఆంటీ, నేనిప్పుడు తానం చేయాలె గదా?”

చేయాలి బిడ్డా అంది అక్క. నల్లా తిప్పితే చన్నీళ్లు. ఆ ఇంట్లో గ్యాసుకు ముందే డబ్బు కట్టే మీటరు. మన సెల్‌ఫోన్‌కు రీచార్జి చేయించినట్టు ఒక కార్డు తీసుకెళ్లి దుకాణంలో డబ్బు వేయించుకోవాలి. కార్డులో డబ్బు అయిపోయింది, మీటరు అప్పుగా ఇచ్చే కాస్తా ముందురోజే వాడేశారు. బావ కార్డు జేబులో పెట్టుకుని వీధి చివర దుకాణం దగ్గరికి వెళ్లి, అది తెరిచేదాకా చలిలో నిలబడ్డాడు. డబ్బు వేయించి తెచ్చి మీటర్లో కార్డు పెట్టాక బాయిలర్ రాజుకుంది. ఈలోగా ఆ పిల్లవాడు బాత్రూం గుమ్మంలో తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ తల్లి అంతా విని ఒక్కటే అడిగింది.

“అయితే ఉడుకు నీళ్లే పోస్కున్నడా?”

“ఉడుకు నీళ్లే వదినా. నేనే చెయ్యి పెట్టి చూసిన.”

అప్పుడు ఏడ్చింది ఆమె.

మా అక్క పుట్టుకతో క్రైస్తవురాలు. మా ఇంట్లో మైల స్నానాలు, పదకొండో రోజులు ఉండవు. పదకొండో రోజున ఆ పిల్లవాడు లెస్టర్‌లో గుండు చేయించుకుని వస్తే, వాళ్ల నాన్నకు ఇష్టమైన పుంటికూర పప్పు వండి పెట్టిందట. పుంటికూర అక్కడి ఇండియన్ కొట్లలో దొరుకుతుంది, ధర మాత్రం మండిపోతుంది. ఆ రోజు ఆమె ఏమని ప్రార్థించిందో నేను అడగలేదు.

జొన్నరొట్టెలు తినిగానీ కదలనివ్వలేదు. ఆమె రొట్టె కొడుతుంటే ఆ చప్పుడు బయటికి వినిపిస్తోంది. ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు. బయల్దేరేటప్పుడు ఒక డబ్బా తెచ్చింది. మామిడికాయ తొక్కు. మూతకు లోపల ప్లాస్టిక్ కాగితం, దాని మీద మూత, మూత చుట్టూ టేపు, ఆ మీద గుడ్డ, గుడ్డకు దారం. నూనె ఒక్క చుక్క కారదు. దాంతోపాటు సీసాలో నెయ్యి కూడా తెచ్చింది. నెయ్యి మాత్రం వద్దంది అక్క. పాలతో, మాంసంతో చేసినవి మన దేశం నుంచి తీసుకెళ్తే అక్కడ విమానాశ్రయంలో పట్టుకుంటారు. ఆమెకిది ఎంతకీ ఎక్కలేదు. “నెయ్యిల ఏముంటది అక్కా, ఇంటి బర్రెదే” అంటూ సీసా చేతిలో పట్టుకునే నిలబడింది. చివరికి ఆ నెయ్యి మా ఇంటికి వచ్చింది.

గురువారం, నాగర్‌కర్నూల్, వనపర్తి

చెప్పుకోదగ్గ పని తక్కువ, చాయ్‌లు ఎక్కువ. తాడూరు మీదుగా నాగర్‌కర్నూల్, అక్కణ్నుంచి బిజినేపల్లి మీదుగా వనపర్తి. చేలల్లో పల్లికాయ పీకుతున్నారు. ప్రతి ఇంట్లో పచ్చి పల్లికాయలు ఉడకబెట్టి ముందు పోశారు.

నాగర్‌కర్నూల్ మెనొనైట్ల పాత కేంద్రాల్లో ఒకటి. డేనియల్ బెర్గ్‌తోల్డ్ అనే ఆయన ఇక్కడ చాలా ఏళ్లు ఉన్నాడు. చర్చి చూసి వచ్చాం. అక్కడికి దగ్గర్లోనే ఒక ఇంట్లో కొత్త కోడలు తలుపు చాటు నుంచి మాట్లాడింది. పెళ్లయిన రెండో నెలలో మొగుడు వెళ్లాడు. ఈమె ఎప్పుడు వెళ్లొచ్చు? 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సులవాళ్లు భార్యను గానీ భర్తను గానీ వెంట తీసుకెళ్లే వీలు లేదు. ఈ సంగతి సంబంధం కుదిర్చినవాళ్లకూ తెలియదు, కాగితాలు చేసిపెట్టిన కన్సల్టెన్సీవాళ్లూ చెప్పలేదు. బావ నిదానంగా విడమరచి చెప్పాడు. ఆ అమ్మాయి సరే సారూ అని లోపలికి వెళ్లిపోయింది.

వనపర్తి రాజుగారి బంగళాలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. బయటి నుంచే చూశాం. ఊరికి ఆవల ఒక పల్లెలో ఒక ముసలవ్వ తన మనవడి గురించి అడుగుతూ, “వాన్ని తీస్కపోయిన మేస్త్రీ ఎవరు?” అంది. నవ్వొచ్చింది గానీ, ఆమె సరిగ్గానే అడిగింది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ నుంచి మొదలుపెట్టి ఎన్ని ప్రాజెక్టుల మట్టి మోశారో లెక్కలేదు. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి ఇంటింటికీ అడ్వాన్సు ఇచ్చేవాడు, లారీ ఎక్కించేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా మనిషి వాడివాడు. అవ్వ, ఆమె మొగుడు అలాగే వెళ్లి వచ్చినవాళ్లు. ఇప్పుడు మేస్త్రీకి హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసుంది, అడ్వాన్సు మేస్త్రీ ఇవ్వడు, మనమే భూమి కుదువపెట్టి బ్యాంకులో తెచ్చి అతనికి కడతాం. ఎటు తిరిగీ అప్పు తీరేదాకా రాకూడదన్నది మాత్రం మారలేదు.

శుక్రవారం, గద్వాల

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేదాకా బావ ఒక్క మాట మాట్లాడలేదు. అక్క కూడా. ఎర్రవల్లి చౌరస్తాలో బండి ఆపి చాయ్ తాగుదామంటే వద్దన్నారు. అప్పుడు చెప్పారు నాకు.

గద్వాలలో మేం వెళ్లబోయే ఇంటివాళ్ల అబ్బాయి కిందటి ఏడే చదువు మానేశాడు. మానేయలేదు, రెండో విడత ఫీజు కట్టలేకపోతే యూనివర్సిటీవాళ్లు పేరు తీసేశారు. పేరు తీసేశాక ఆ సంగతి వాళ్లు ప్రభుత్వానికి తెలపాలి. తెలిపితే వీసా కుదించి, మామూలుగా 60 రోజుల గడువిస్తారు. ఆ ఉత్తరం వచ్చింది, గడువు కూడా నడుస్తోంది. బావ అతన్ని ఉచితంగా సలహా ఇచ్చేచోటికి తీసుకెళ్లాడు. తిరిగి వెళ్లిపోవడమే మంచిది, దాక్కుంటే ఇక ఎప్పటికీ కష్టమని వాళ్లు చెప్పారు. ఇంట్లో మాత్రం ఎవరికీ తెలియదు. మేం వెళ్లేలోగా ఫోన్ చేసి చెప్పుకోమని బావ వారం నుంచి మెసేజులు పెడుతున్నాడు. చదివినట్టు నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు లేదు.

తండ్రి నేతగాడు. ముందు మగ్గం చూపించాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెంటినీ కలిపేచోట ఎంత నేర్పుండాలో కూర్చుని నేసి చూపించాడు. ఎడమ చేత్తో అంచు పోగు లాగి, ఒళ్లు పోగుతో మెలేసి, పలక కొట్టాడు. వేలితో రాస్తే ఎక్కడ కలిసిందో తెలియడం లేదు. అది అయ్యాక లేచి చేతులు కడుక్కుని వచ్చి, బావ ఎదురుగా కూర్చున్నాడు.

“సారూ, వానికి పట్టా ఇచ్చే పొద్దు తల్లిదండ్రులు పోవచ్చంట గదా? మేమిద్దరం వస్తె ఎంతైతది?”

నేను అక్క వైపు చూశాను. అక్క ఆ చీర మడతలు సరిచేస్తోంది.

“ఆ సంగతి వాన్నే అడుగుండ్రి. ఇయ్యాలనే ఫోన్ చేసి అడుగుండ్రి” అన్నాడు బావ.

అంతే అన్నాడు. అన్నం తిన్నాం. నాకు ముద్ద దిగలేదు. ఆ తల్లి మీద, ఆ తండ్రి మీద జాలితో కాదు, మా ముగ్గురికీ తెలిసి వాళ్లిద్దరికీ తెలియకపోవడం భరించలేక.

జూరాల దగ్గర ఆగినప్పుడు గొడవ పెట్టుకున్నాను. చెప్పేయాల్సింది అన్నాను. ఆ తండ్రి రేపు పాస్‌పోర్టుకు డబ్బు కడతాడు, ఇంకో అప్పు చేస్తాడు, దానికి మీరు జవాబుదారు కారా అన్నాను. అక్క చాలాసేపు విని, “ముప్పై ఏండ్లు వార్డుల పని చేసిన. పేషెంటు చెప్పొద్దన్నది వానింట్ల చెప్పిన పొద్దు వాడు మల్ల నాకేం చెప్పడు. వాడొక్కడే గాదు, వాని ఎనక పదిమంది చెప్పరు” అంది. బావ మాత్రం నా పక్షానే కాస్త ఉన్నట్టనిపించింది. చేపల పులుసు వచ్చింది, ఎవరూ సరిగ్గా తినలేదు. నాకు ఇప్పటికీ అక్క మాట పూర్తిగా ఒప్పుదల కాలేదు.

ఆత్మకూరు, దేవరకద్ర మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి రాత్రి అయింది.

శనివారం, మహబూబ్‌నగర్

అక్క పడుకునే ఉంది. బావ పిల్లలమర్రి చూస్తానన్నాడు. ఏడొందల ఏళ్ల చెట్టు అంటారు. 2018లో చెదలు పట్టినప్పుడు మనిషికి సెలైన్ పెట్టినట్టు కొమ్మలకు మందు సీసాలు కట్టారు. బావ దాని గురించి కూడా లెక్కలు వేయబోతే, ఇవాళ సెలవు తీసుకోమన్నాను.

ఆదివారం, మహబూబ్‌నగర్

ఆరాధన, ఆ తరువాత ప్రేమవిందు. పాలమూరులో బాప్టిస్టు మిషన్ పని 1885లో ఎల్బర్ట్ చ్యూట్ మొదలుపెట్టాడు. ఇక్కడి సంఘాలకు మిషనరీ అంటే బయటి నుంచి వచ్చే మనిషి. మన మనిషి బయటికి వెళ్లడం వాళ్లకింకా వింతే. పాస్టరుగారు అది కొత్త కాదంటూ జాన్ రంగయ్య పేరు ఎత్తారు. 1903లో నెల్లూరు నుంచి తెలుగు సంఘాలు ఆయన్ని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపాయి. అక్కడి తోటల్లో కూలికి కుదిరి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య పనిచేశాడు. నాకు అవ్వ అడిగిన మేస్త్రీ మాట గుర్తొచ్చింది. కూలీల వెనకాలే కాపరి కూడా వెళ్లాడన్నమాట.

విందులో ఒక పెద్దమనిషి బావను పక్కకు పిలిచి, “మీ ద్వారా అక్కడ ఎంతమంది రక్షణ పొందిన్రు బ్రదర్?” అని అడిగాడు.

“నేను లెక్కల మాస్టర్నే గానీ ఆ లెక్క పెట్టలేదు సార్” అన్నాడు బావ.

ఆయనకు నచ్చలేదు. ఆదివారం కూడికకు ఐదారుగురు క్రమంగా వస్తారనీ, వాళ్లలో ఇద్దరు మంచి పాటగాళ్లనీ బావ తరువాత చెప్పాడు గానీ, ఆయన అప్పటికే బిర్యానీ వైపు నడిచాడు. మిషన్ పేరుతో కానుకలు పట్టేవాళ్లకు రిపోర్టులో ఒక అంకె కావాలి, అది నాకూ అర్థమవుతుంది. గ్యాసు కార్డులో డబ్బు వేయించడం ఏ గడిలో రాస్తారు?

మధ్యాహ్నం గద్వాల నుంచి ఫోన్. బావ స్పీకర్ పెట్టలేదు, కానీ తండ్రి గొంతు పెద్దది, పక్కన కూర్చున్న నాకు వినపడింది. కొడుకు రాత్రి ఫోన్ చేసి చెప్పాడట.

“మీకు ముందే ఎరుకనా సారూ?”

“ఎరుకే.”

అటు వైపు నుంచి మగ్గం చప్పుడు వస్తోంది, ఇంట్లో వేరెవరో నేస్తున్నట్టున్నారు. కొంతసేపు అదే వినిపించింది.

“ఇటు వచ్చెటందుకు టికెట్టు ఎంతైతది?”

బావ చెప్పాడు. డబ్బు తాము సర్దుతామనీ, తరువాత చూసుకుందామనీ అన్నాడు. వద్దు సారూ, చీరలున్నాయి, అమ్ముతా అన్నాడాయన. ఫోన్ పెట్టాక బావ నా వైపు చూడలేదు, నేనూ ఏమీ అనలేదు. అక్క గదిలోంచి తూకం మిషన్ తెమ్మని కేకేసింది.

హాలంతా డబ్బాలే. వాళ్ల టికెట్టు మీద మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. తొక్కులు, కారంపొడులు, పండుగ సకినాలు, పల్లీలు, ఒకావిడ ఇచ్చిన కంబళి. ప్రతి డబ్బా మీద అక్క పిల్లల పేర్లు రాసి అతికించింది. బావ బాత్రూం తూకం మీద పెట్టె పెట్టి, వంగి అంకె చూసి, తన కోటు తీసేశాడు. అక్క రెండు చీరలు తీసేసింది. ఇంకా ఎక్కువే ఉంది. సకినాలు విరుగుతాయి కాబట్టి చేతి సంచిలో పెట్టుకుందామని ఆమె, చేతి సంచి కూడా తూస్తారని ఆయన. ఈ పంచాయితీ నడుస్తుండగానే నా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“సారూ, కొండమల్లేపల్లి దగ్గర తండా నుంచి. కారం దంచిన. ఆర్టీసీ కార్గోల ఏసిన. మీ బస్టాండుల తీస్కోండ్రి.”

ఎంత వేసిందో అడిగాను. నాలుగు కిలోలట. బండి తాళాలు తీసుకుని లేస్తుంటే బావ పెట్టె మళ్లీ విప్పడం మొదలుపెట్టాడు.